కేవడా నూనె స్పెక్ట్రంలో రెండు ట్రిప్లెట్లు, రెండు జె విలువలు: దేనిని నమ్మాలి?

కేతకి_బరంపురం

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా గంజాం జిల్లా కేవడా (మొగలి పూల) నూనెనే తీసుకున్నాను. ఛత్రపురం వైపు ఒక భట్టీలో తీసిన రూహ్‌ను (అసలు నూనెను) డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న క్లోరోఫాంలో కలిపి, 400 మెగాహెర్ట్జ్ యంత్రం మీద ప్రోటాన్ ఎన్ఎంఆర్ స్పెక్ట్రం (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాల పటం) తీయించాను.

ఈ నూనెలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ కదా. అనుకున్న చోటనే పీకులు వచ్చాయి. 7.2 పీపీఎం (పీకు చోటును చెప్పే కొలత) దగ్గర బెంజీన్ వలయం, 3.60 దగ్గర ఆక్సిజన్ పక్కనున్న సీహెచ్2, 3.36 దగ్గర మిథాక్సీ, 2.89 దగ్గర వలయం పక్కనున్న సీహెచ్2. రెండు సీహెచ్2లూ చక్కటి ట్రిప్లెట్లే (మూడు గీతల పీకులే).

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది: 3.60 దగ్గరి ట్రిప్లెట్‌లో పక్కపక్క గీతల మధ్య దూరం కర్సర్ పెట్టి చూస్తే 6.8 హెర్ట్జ్. 2.89 దగ్గర 7.3. ఈ రెండు సీహెచ్2లు ఒకదానితో ఒకటి కలిసినవే అయితే జె (పక్క హైడ్రోజన్ల వల్ల గీత చీలే దూరం, హెర్ట్జ్‌లలో) రెండు వైపులా ఒకటే కావాలి. రిపోర్టులో ఏది రాయాలి? రెండోది: మిథాక్సీకి అటూ ఇటూ 3.53 దగ్గర, 3.18 దగ్గర ఒకే ఎత్తున రెండు చిన్న పీకులు ఉన్నాయి. కల్తీ అనుకోవాలా?

గుణుపురం_ఆపరేటర్

మాది గుణుపురం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఎన్ఎంఆర్ యంత్రం చూసుకుంటున్నాను. చెల్లీ, స్వీప్ వెడల్పు (యంత్రం విన్న ఫ్రీక్వెన్సీల మేర) ఎంత, అక్విజిషన్ కాలం (సంకేతం విన్న సమయం) ఎంత, ప్రాసెసింగ్‌కు ఎన్ని పాయింట్లు తీసుకున్నారు? ఇవి తెలియకుండా జె గురించి ఏం చెప్పినా సోది చెప్పినట్టే.

కేతకి_బరంపురం

స్వీప్ 8000 హెర్ట్జ్. అక్విజిషన్ 2.05 సెకన్లు. ప్రాసెసింగ్ పాయింట్లు 16384. లైన్ బ్రాడెనింగ్ (గీతను కాస్త వెడల్పు చేసే సర్దుబాటు) 0.3. ఇవన్నీ అక్కడ ముందే పెట్టి ఉన్నవి, నేను మార్చలేదు.

గుణుపురం_ఆపరేటర్

అదే అనుకున్నాను. 8000ను 16384తో భాగించండి. 0.488 హెర్ట్జ్ వస్తుంది. మీ స్పెక్ట్రంలో రెండు పక్క పాయింట్ల మధ్య ఉన్న దూరం అది. 14 పాయింట్లు అంటే 6.8. 15 పాయింట్లు అంటే 7.3. మీరు చూసిన తేడా సరిగ్గా ఒక పాయింటు. అణువుకు దానితో సంబంధం లేదు.

చేయవలసినది ఇది. ఎఫ్‌ఐడి ఫైలు (యంత్రం విన్న అసలు సంకేతం) మీ దగ్గర ఉంటే దానికి సున్నాలు చేర్చి 65536 పాయింట్లతో మళ్లీ ఫోరియర్ మార్పిడి (సంకేతాన్ని స్పెక్ట్రంగా మార్చే లెక్క) చేయండి. పాయింట్ల దూరం 0.12కు దిగుతుంది. అయితే సున్నాలు చేర్చినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. మొదటి రెట్టింపు వరకు నిజమైన లాభం ఉంటుంది, ఆ తరువాత గీత వంపు నునుపుగా కనబడుతుందంతే. యంత్రం రెండు సెకన్లే విన్నప్పుడు, అర హెర్ట్జ్ కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలను అది విడదీయలేదు. మళ్లీ అవకాశం దొరికితే అక్విజిషన్‌ను నాలుగైదు సెకన్లకు పెంచమనండి. స్వీప్ తగ్గించినా మీ నూనెకు నష్టం లేదు.

పక్కపక్క గీతల దూరం కూడా చూడకండి. ట్రిప్లెట్‌లో మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య దూరం కొలిచి సగం చేయండి. కొలతలో దొర్లే తప్పు కూడా సగమవుతుంది.

ఇక ఆ రెండు చిన్న పీకులు కల్తీ కాదు. ప్రకృతిలో కార్బన్‌లో 1.1 శాతం కార్బన్-13. ఆ కార్బన్‌కు స్పిన్ (దాన్ని చిన్న అయస్కాంతంగా చేసే గుణం) 1/2 ఉంది కాబట్టి, దానికి అంటుకున్న మిథాక్సీ ప్రోటాన్ల గీతను రెండుగా చీలుస్తుంది. 3.53 నుంచి 3.18 వరకు 0.35 పీపీఎం, మీ యంత్రం మీద 140 హెర్ట్జ్. ఆక్సిజన్‌కు అంటుకున్న మిథైల్‌లో కార్బన్, హైడ్రోజన్ మధ్య జె అంతే ఉంటుంది. ఒక్కో పీకు పెద్ద పీకులో 0.55 శాతం ఉండాలి, ఇంటిగ్రేషన్ చేసి (పీకుల వైశాల్యం కొలిచి) చూడండి. మీరు అడగకుండానే ఇంకో జె విలువ మీ కాగితం మీదకు వచ్చింది.

భట్టీ_ఛత్రపురం

కల్తీ అన్న మాట వినబడి లోపలికి వచ్చాను. మా నాన్నగారి కాలం నుంచి మాది ఇదే పని. వానాకాలం వస్తే తెల్లవారకముందే పొదల్లోంచి మగ పూలు కోసి తెస్తారు, డేగ్ అనే పెద్ద పాత్రలో నీళ్లతో వేసి, మూతికి మట్టి అద్ది, ఆవిరిని భప్కా అనే పట్టే పాత్రలోకి దింపుతాం. రూహ్ ఎంత తక్కువ దిగుతుందో, దాని ధర ఎంతో తెలిసినవాళ్లకు కల్తీ ఎందుకు జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నాకు చదువు పదో తరగతి వరకే. ఈ జె అంటే ఏమిటో ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి. ఇంతవరకు నాకు అర్థమైనది: అప్పు పత్రం లాంటిది, ఇచ్చినవాడి దగ్గరా పుచ్చుకున్నవాడి దగ్గరా ఒకే అంకె ఉండాలి. అంతేనా?

పర్లాకిమిడి_మాస్టారు

అంతే బాబూ. అంకె ఒకటే ఎందుకు కావాలో చెబుతాను, కాస్త ఓపిక పట్టాలి.

హైడ్రోజన్ కేంద్రకానికి స్పిన్ ఉంది, దానితోపాటు చిన్న అయస్కాంతత్వం ఉంది. బయట బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే అది రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. ఈ అమ్మాయి వాడిన యంత్రంలో క్షేత్రం 9.4 టెస్లా. అంత క్షేత్రంలో కూడా రెండు స్థితుల మధ్య జనాభా తేడా లక్షకు మూడు. మనం వినే సంకేతమంతా ఆ ముగ్గురిదే. ఎన్ఎంఆర్ ఎందుకు ఖరీదైన విద్య అయిందో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు పక్క కార్బన్ మీద ఇంకో హైడ్రోజన్ ఉంది. అది పై స్థితిలో ఉందా కింది స్థితిలో ఉందా అన్న కబురు మొదటి హైడ్రోజన్‌కు చేరుతుంది. రెండు అయస్కాంతాలు శూన్యం గుండా నేరుగా ఒకదాన్నొకటి తాకే ప్రభావం కూడా ఉంది, అది చాలా పెద్దది. ఒకే కార్బన్ మీది రెండు హైడ్రోజన్ల మధ్య ఇరవై కిలోహెర్ట్జ్ స్థాయిలో ఉంటుంది. కాని ద్రవంలో అణువులు అన్ని దిక్కులకూ దొర్లుతుంటాయి కాబట్టి దాని సగటు సున్నా. ఘనపదార్థంలో దాన్ని అణచడానికి నమూనాను క్షేత్రానికి 54.74 డిగ్రీల కోణంలో వంచి గిరగిర తిప్పుతారు. 1958లో ఆండ్రూ బృందం, 1959లో లోవ్ ఆ దారి చూపించారు.

ద్రవంలో మిగిలేది బంధాల గుండా నడిచేది. కేంద్రకం తన చోటికి వచ్చిన ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఇంచుక తిప్పుతుంది. ఆ బంధంలోని జోడీ ఎలక్ట్రాన్ అందుకు ఎదురు తిరుగుతుంది. ఆ ఒరవడి తరువాతి బంధానికి, అక్కడి నుంచి అవతలి కేంద్రకానికి వెళుతుంది. 1952లో రామ్సే, పర్సెల్ ఈ వివరణ ఇచ్చారు. కేంద్రకం ఉన్నచోటే ఉండగల ఎలక్ట్రాన్ ఎస్ ఆర్బిటాల్‌దే (కేంద్రకం చుట్టూ గుండ్రంగా ఉండే ఎలక్ట్రాన్ మేఘానిదే) కాబట్టి, బంధంలో ఎస్ పాలు పెరిగితే జె పెరుగుతుంది. కార్బన్, హైడ్రోజన్ మధ్య నేరు బంధం చూడండి: ఈథేన్ జాతిలో ఎస్ పాలు 25 శాతం, జె సుమారు 125 హెర్ట్జ్. ఇథిలీన్ జాతిలో 33 శాతం, 160కి దగ్గర. ఎసిటిలీన్ జాతిలో 50 శాతం, 250 దగ్గర. నా సర్వీసంతటిలో ఇంత ముచ్చటైన లెక్క ఇంకొకటి చెప్పిన గుర్తు లేదు.

శక్తి ఒకటే పదం, అందులో రెండు స్పిన్‌లూ గుణకాలుగా ఉంటాయి. అందుకే అటు చూసినా ఇటు చూసినా అదే అంకె. బయటి క్షేత్రానికి ఆ పదంలో చోటు లేదు. కాబట్టి యంత్రం మారినా హెర్ట్జ్‌లలో జె మారదు.

రాయగడ_ల్యాబ్

మాస్టారి ఆఖరి వాక్యం నాకు పనికొచ్చింది. మా ఫ్యాక్టరీ ల్యాబులో బల్ల మీద పెట్టుకునే 60 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ ఉంది. శాశ్వత అయస్కాంతం, హీలియం లేదు, నైట్రోజన్ లేదు, ప్లగ్ పెడితే చాలు. జె మారనప్పుడు ఈ అమ్మాయి పెద్ద యంత్రం కోసం నెలల తరబడి వరుసలో నిలబడడం దేనికి? ఇటువైపు విద్యార్థుల బాధ నాకు తెలుసు. నమూనా ఇచ్చి వస్తారు, స్పెక్ట్రం వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. మళ్లీ తీయమంటే మొదటి నుంచి దరఖాస్తు.

గుణుపురం_ఆపరేటర్

అన్నా, జె మారదు. మారేది జె పక్కన నిలబడినది. షిఫ్ట్ (పీకు ఉండే చోటు) తేడా హెర్ట్జ్‌లలో క్షేత్రంతోపాటు పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ నూనెలో రెండు సీహెచ్2ల మధ్య 0.71 పీపీఎం. 400 మీద అది 284 హెర్ట్జ్, అంటే జెకు నలభై రెట్లు. 60 మీద 43 హెర్ట్జ్, జెకు ఆరు రెట్లే. అప్పుడు ట్రిప్లెట్లు రెండూ ఒకదాని వైపు ఒకటి వాలతాయి, లోపలి గీతలు ఎత్తు పెరిగి బయటివి కుంగుతాయి. ఇంకొక ఇబ్బంది: మిథాక్సీ గీత 3.60 ట్రిప్లెట్ మధ్య నుంచి 14 హెర్ట్జ్ దూరంలోకి వచ్చి పడుతుంది. ట్రిప్లెట్ కుడి గీతకూ దానికీ మధ్య ఏడు హెర్ట్జ్‌లే మిగులుతాయి. మిథాక్సీ మూడు ప్రోటాన్ల పెద్ద గీత. దాని అంచు పక్కదాని మీద పడితే ఆ శిఖరం చోటు జరుగుతుంది, మీరు చదివే దూరం జె కాకుండా పోతుంది.

ఇది చాలామంది పట్టించుకోని విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకే దిశలో నిలబడిన రెండు గీతలు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేంత దగ్గరైతే శిఖరాలు లోపలికి లాగబడతాయి, దూరం అసలు జె కన్నా తక్కువగా చదువుతాం. ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్న గీతలైతే దీనికి వ్యతిరేకం, దూరం ఎక్కువగా కనబడుతుంది. కోజీ స్పెక్ట్రంలో (ఏ హైడ్రోజన్ దేనితో కలిసిందో చూపే రెండు దిశల పటంలో) ఆ జంటలను చూపే క్రాస్ పీకులు ఆ రెండో రకం. అక్కడి నుంచి జె చదివి థీసిస్‌లో రాసినవాళ్లు నా దగ్గరకు చాలామంది వచ్చారు. గీత వెడల్పు రెండు హెర్ట్జ్, అసలు జె కూడా రెండే అయినప్పుడు కోజీలో కనిపించే దూరానికి అర్థం లేదు. ముందు గీతను సన్నం చేయాలి, షిమ్మింగ్ (క్షేత్రాన్ని నమూనా అంతటా సమం చేయడం) దగ్గర బద్ధకం పనికిరాదు. చిన్న అణువు అయితే సగం ఎత్తు దగ్గర వెడల్పు అర హెర్ట్జ్ లోపలికి రావాలి.

పర్లాకిమిడి_మాస్టారు

రాయగడ అబ్బాయి మాటను పూర్తిగా కొట్టివేయడం నాకు ఇష్టం లేదు. హైడ్రోజన్లు ఇద్దరే ఉన్న జట్టు, అంటే నాలుగు గీతల ఏబీ క్వార్టెట్, ఎంత వాలినా బయటి గీతకూ దాని పక్క గీతకూ మధ్య దూరం కచ్చితంగా జె. చిన్న యంత్రం మీదా అంతే. తేడా వచ్చేది షిఫ్ట్‌లో. జంట గీతల మధ్య బిందువు దగ్గర షిఫ్ట్ ఉండదు. నాలుగు గీతలకు వరుసగా 1, 2, 3, 4 అని పేరు పెట్టి, 1కీ 4కీ మధ్య దూరాన్ని 2కీ 3కీ మధ్య దూరంతో గుణించి వర్గమూలం తీస్తే షిఫ్ట్ తేడా వస్తుంది. కాల్‌క్యులేటర్ చాలు. మూడో స్పిన్ చేరిన క్షణం ఈ సుఖం పోతుంది. అప్పుడు కంప్యూటర్‌లో మొత్తం స్పెక్ట్రాన్ని లెక్కకట్టి, కొలిచిన దానితో పోల్చి జెలు రాబట్టాలి.

ఇక అమ్మాయీ, నీ దానిలో ఇద్దరు కాదు, నలుగురు ఉన్నారు. నువ్వు ట్రిప్లెట్ అని రాసినదాన్ని నేను వైవాలో ఒప్పుకోను. ఒక సీహెచ్2లోని రెండు హైడ్రోజన్ల షిఫ్ట్ ఒకటే, నిజమే. కాని పక్క కార్బన్ మీది ఒకానొక హైడ్రోజన్‌తో ఆ రెండింటికీ ఉన్న జెలు వేర్వేరు. ఒకటి జె, ఇంకొకటి జె ప్రైమ్. పూర్తి పేరు ఏఏ ప్రైమ్ ఎక్స్ఎక్స్ ప్రైమ్. ఆ రెండు జెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టే ట్రిప్లెట్‌లాగా కనబడుతోంది. బయటి గీతల మధ్య దూరం జె, జె ప్రైమ్‌ల మొత్తం. సగం చేస్తే వాటి సగటు. నీ ఏడు హెర్ట్జ్ ఆ సగటే.

అది ఏడే ఎందుకు? 1959లో మార్టిన్ కార్ప్లస్ మూడు బంధాల జెకూ, మధ్య బంధం చుట్టూ ఉన్న కోణానికీ లెక్క కుదిర్చాడు. 180 డిగ్రీల దగ్గర పది నుంచి పద్నాలుగు హెర్ట్జ్, 60 దగ్గర రెండు నుంచి నాలుగు, 90 దగ్గర దాదాపు సున్నా. నీ అణువు కార్బన్-కార్బన్ బంధం చుట్టూ క్షణం నిలవకుండా తిరుగుతోంది. మూడు భంగిమల సగటు ఆరు, ఏడు దగ్గర తేలుతుంది. ఆ ఒక్క అంకెలో అణువు కదలిక దాగి ఉందని రిపోర్టులో రెండు వాక్యాలు రాస్తే ఎగ్జామినర్ సంతోషిస్తాడు. రాయకపోతే నాలాంటివాడు వస్తే చిక్కు.

కేతకి_బరంపురం

మాస్టారూ, మీరు నా వైవాకు రాకూడదని గోపాలపురం సముద్రానికి మొక్కుకుంటున్నాను.

జయపురం_రేడియో

నాకు హామ్ రేడియో పిచ్చి. ఒకసారి జియాలజీ వాళ్లు కొండల మీద సర్వే చేస్తుంటే ప్రోటాన్ మాగ్నెటోమీటర్ చూశాను. సీసాలో ద్రవం, చుట్టూ తీగచుట్ట, అంతే. భూమి క్షేత్రంలోనే ప్రోటాన్ల సంకేతం వింటారట. అలాంటిది ఇంట్లో చేసుకుని ఈ జె కొలవవచ్చా? తొమ్మిది టెస్లా నా వల్ల కాదు.

గుణుపురం_ఆపరేటర్

కొలవవచ్చు, కాని కేవడాతో కాదు. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లా. ప్రోటాన్లు టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ లెక్కన తిరుగుతాయి కాబట్టి మీ సంకేతం 1.83 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. స్పీకర్ పెడితే చెవికి వినబడే స్వరం. ముందు పెద్ద కరెంటుతో కొన్ని సెకన్లు ప్రోటాన్లను ఒకవైపు తిప్పి, హఠాత్తుగా కరెంటు ఆపేసి వినాలి. ఆ క్షేత్రంలో ఒక పీపీఎం అంటే హెర్ట్జ్‌లో ఐదువందల వంతు. కాబట్టి కెమికల్ షిఫ్ట్ అనేది ఉండదు, కేవడాలోని ప్రోటాన్లన్నీ ఒకే గీతగా వస్తాయి. షిఫ్ట్ ఒకటే అయిన ప్రోటాన్ల మధ్య జె గీతను చీల్చదు.

వేరే జాతి కేంద్రకం ఉంటే కథ వేరు. ట్రైమిథైల్ ఫాస్ఫేట్ తీసుకోండి. ఫాస్ఫరస్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య జె సుమారు 11 హెర్ట్జ్, మీ ఒక్క గీత రెండుగా చీలి కనబడుతుంది. షిఫ్ట్ అసలు లేని చోట జె ఒక్కటే నిలబడడం చూడముచ్చటగా ఉంటుంది. కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ గుణిజాలు, 1800, 1850, మీ సంకేతానికి అటూ ఇటూ మోగుతుంటాయి. ఊరికి దూరంగా పొలంలో పెట్టుకోండి.

జయపురం_రేడియో

పొలం ఉంది. కోరాపుట్ రోడ్డు మీద, స్తంభాలు లేని చోట. రాగి తీగ ధర కనుక్కుని వేరే చర్చ మొదలుపెడతాను.

భట్టీ_ఛత్రపురం

నా కల్తీ సంగతి ఎవరూ తేల్చలేదు. సింథటిక్ ఈథర్ కలిపితే ఈ యంత్రం పట్టుకుంటుందా?

పర్లాకిమిడి_మాస్టారు

పువ్వులోంచి వచ్చినా ఫ్యాక్టరీలోంచి వచ్చినా అణువు అదే అయితే షిఫ్టులు అవే, జెలు అవే. మామూలు ప్రోటాన్ స్పెక్ట్రంలో ఆ ఈథర్ పీకులు ఏమీ చెప్పవు. టెర్పినెన్-4-ఆల్ వంటి మిగతా భాగాల పాళ్లు చూడాలి. సింథటిక్ కలిపితే అవి పలచబడతాయి.

ఇంకో దారి డ్యూటీరియం. అణువులో ఏ స్థానంలో ఎంత డ్యూటీరియం ఉందో మొక్కకూ ఫ్యాక్టరీకీ తేడా ఉంటుంది. ఫ్రాన్సులో నాంత్ నగరంలో మార్టిన్ దంపతులు ఈ పద్ధతిని తీర్చిదిద్ది, వైన్‌లో చక్కెర కలిపి పులియబెట్టినవాళ్లను పట్టుకోవడానికి వాడారు. యూరప్‌లో 1990లో దానిని అధికారిక పద్ధతిగా తీసుకున్నారు. మన కేవడాకు అలాంటిది చేయాలంటే ముందు నీలాంటివాళ్లు కళ్ల ముందే దింపిన నూనె నమూనాలు చాలా కావాలి.

భట్టీ_ఛత్రపురం

నూనె ఇస్తాను, సీసాలు మీరు తెచ్చుకోండి. మగ పూలు మాత్రమే వేసిన బ్యాచ్, చందనం నూనె గాని పారఫిన్ గాని తగలనిది, విడిగా పెడతాను.

రాయగడ_ల్యాబ్

నాకూ ఒక సీసా కావాలి. ఒక సందేహం. ఆ చిన్న పీకులు కార్బన్-13వే అన్నారు. వేరే మలినం కాదని ఎలా తెలుసు? ఎత్తులు సమానంగా ఉండడం యాదృచ్ఛికం కావచ్చుగా.

గుణుపురం_ఆపరేటర్

మంచి ప్రశ్న, జవాబు మీ బల్ల మీదే ఉంది. మలినం అయితే దాని షిఫ్ట్ పీపీఎంలో మారదు, మీ 60 మీద కూడా 3.53, 3.18 దగ్గరే రావాలి. జె వల్ల వచ్చినవైతే హెర్ట్జ్‌లలో మారవు. 140లో సగం 70, దాన్ని 60తో భాగిస్తే 1.17 పీపీఎం. అంటే 4.53 దగ్గర, 2.19 దగ్గర కనబడాలి. నూనెను ద్రావణి లేకుండా నేరుగా ట్యూబులో పోసి, స్కాన్లు ఎక్కువ పెట్టండి. మీ క్షేత్రంలో జనాభా తేడా లక్షకు ఒకటి కూడా ఉండదు.

కేతకి_బరంపురం

ఆపరేటర్ అన్నయ్య చెప్పినట్టు మళ్లీ ప్రాసెస్ చేశాను. 65536 పాయింట్లు. 3.60 దగ్గర బయటి గీతల దూరం 14.2, 2.89 దగ్గర 14.0. సగం చేస్తే 7.1, 7.0. మిథాక్సీ చిన్న పీకుల ఇంటిగ్రేషన్ ఒకటి 0.6, ఇంకొకటి 0.5 శాతం వచ్చింది.

రిపోర్టులో ట్రిప్లెట్ అన్న మాట కొట్టేసి, ఏఏ ప్రైమ్ ఎక్స్ఎక్స్ ప్రైమ్ అని రాసి, సగటు జె 7.1 అని, పక్కన పాయింట్ల దూరం 0.12 అని పెట్టాను. గైడ్ గారు ఈ చివరిది ఎందుకన్నారు. అది లేకపోతే ఆ దశాంశానికి విలువ లేదని చెప్పాను.

పర్లాకిమిడి_మాస్టారు

బాగా చెప్పావు.

చరిత్ర అధ్యాయంలో ఇథనాల్ గురించి రాస్తావు కదా. 1951లో ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ ఇథనాల్‌లో మూడు పీకులు చూపించినప్పుడు వాటిలో చీలికలు లేవు. జె లేక కాదు, ఆనాటి అయస్కాంతం క్షేత్రం నమూనా అంతటా సమానంగా లేక. ఆ ధర్మట్టి మన దేశస్థుడే, తరువాత బొంబాయిలో టాటా పరిశోధన సంస్థలో ఎన్ఎంఆర్ పనికి పునాది వేశాడు. క్షేత్రం సరిగా లేని అయస్కాంతంలో కూడా జెను బయటికి లాగే ఉపాయం ఆ రోజుల్లోనే దొరికింది, హాన్ అనే శాస్త్రవేత్త స్పిన్ ఎకో (పల్స్ తరువాత ప్రతిధ్వనిలా తిరిగి వచ్చే సంకేతం). 180 డిగ్రీల పల్స్ (స్పిన్‌లను తలకిందులు చేసే రేడియో తరంగం) క్షేత్రం లోపాన్నీ షిఫ్ట్‌నూ వెనక్కి తిప్పుతుంది. ఒకే జాతి స్పిన్‌లు రెండూ ఒకేసారి తిరగబడతాయి కాబట్టి జె ప్రభావం మాత్రం అలాగే మిగులుతుంది. ఎకో ఎత్తు ఆ జె లయలో ఎగిరి పడుతుంది. జెను షిఫ్ట్ నుంచి విడదీసి చూపే ఈనాటి జె-రిజాల్వ్డ్ స్పెక్ట్రం దాని మీదే కట్టినది. అవకాశం వస్తే అది కూడా తీయించు.

రాయగడ_ల్యాబ్

ఛత్రపురం సీసా చేరింది, ధన్యవాదాలు. రాత్రంతా స్కాన్లు నడిపాను. 4.53 దగ్గర చిన్నదైనా స్పష్టమైన పీకు ఉంది. 3.18 దగ్గర ఏమీ లేదు. 2.19 దగ్గర టెర్పినెన్-4-ఆల్ పీకులు గుంపుగా ఉన్నాయి, అక్కడ విడిగా చూపించలేను. 3.53 ఎలాగూ ట్రిప్లెట్ కిందికి వెళ్లిపోయింది.

మన ఛత్రపురం ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో నియోడిమియం ఉంది, ఇలాంటి బల్ల యంత్రాల అయస్కాంతాల్లో చాలావాటికి నియోడిమియమే మూలం. నూనె అక్కడిదే, అయస్కాంతానికి పనికొచ్చే ఇసుకా అక్కడిదే.

గుణుపురం_ఆపరేటర్

4.53 చాలు అన్నా, 3.18 దగ్గర ఖాళీగా ఉండడం ఇంకా గట్టి సాక్ష్యం. పీకుల జాబితాను పీపీఎంలో కాకుండా హెర్ట్జ్‌లలో పంపండి, ఎఫ్‌ఐడి ఫైలు కూడా జత చేయండి. నలుగురు స్పిన్‌ల లెక్క నేను కట్టి, 60కీ 400కీ ఒకే జె జంట సరిపోతుందో లేదో చూసి ఇక్కడే పెడతాను. కేతకీ, మీ ఫైలు కూడా పంపండి.